క్రోమ్ ఎక్కదు, రూట్‌లో చోటు లేదు: ఒక డ్యూయల్ బూట్ లాప్‌టాప్ కేసు

మెషీన్ పాత లాప్‌టాప్. 512 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్, విండోస్ 10తో పాటు ఉబుంటు 22.04. యజమాని గుంటూరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. ఆయన చేతికి వచ్చేసరికే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ వేసి ఉన్నాయి. వేసినవాళ్లెవరో ఉబుంటుకు సరిగ్గా 25 జీబీ కేటాయించారు. ఉబుంటు డెస్క్‌టాప్‌కు కనీసం అంత చోటు ఉండాలని అధికారికంగా చెప్పే లెక్క అదే. ఎక్కించడానికి అది చాలు, నాలుగేళ్లు వాడుకోవడానికి చాలదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక మాస్టారు రోజువారీ పని మొత్తం ఉబుంటులోకి మార్చుకున్నారు. అప్పటిదాకా ఎప్పుడో ఒకసారి తెరిచే సిస్టమ్ మీద అసలు భారం అప్పుడే పడింది.

ఆయన ఫోన్ చేసింది డిస్కు గురించి కాదు. "బాబూ, క్రోమ్ ఎక్కడం లేదు. నాకు పని ఉన్న సైటేమో క్రోమ్ ఉంటేనే తెరుచుకుంటానంటోంది" అన్నారు. డౌన్‌లోడ్ చేసిన డెబ్ ఫైల్ (ఉబుంటులో ప్రోగ్రామ్ ఎక్కించే ఫైల్) మీద డబుల్ క్లిక్ చేస్తే సాఫ్ట్‌వేర్ సెంటర్ కాసేపు తిరిగి, ఏమీ చెప్పకుండా మళ్లీ ఇన్‌స్టాల్ బటన్ చూపిస్తోందట. ఈ మౌనం ఉబుంటు సాఫ్ట్‌వేర్ సెంటర్‌కు పాత అలవాటు. అందుకే ఇలాంటి ఫోన్ వస్తే ముందు టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిపిస్తాను. అక్కడ ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ పక్కన ఫైల్ పేరు, అది ఉన్న చోటుతో సహా, కొట్టించగానే అసలు మాట బయటపడింది: డివైస్‌లో చోటు లేదు.

లాప్‌టాప్ తెప్పించుకుని చూశాను.

ఎక్కడ నిండింది

డిస్కులో చోటు లెక్క చూపే ‘డీఎఫ్ -హెచ్’ కొడితే ముందు కళ్లకు కనిపించేది వరసగా లూప్ డివైస్‌లు, ప్రతిదాని పక్కనా 100 శాతం. మాస్టారికి టెన్షన్ పట్టుకున్నది కూడా వాటిని చూసే. "అన్నీ నిండిపోయాయి బాబూ, డిస్కు పోయిందా?" అని అడిగారు. అవి స్నాప్ ప్యాకేజీలు, ఒక్కో ప్రోగ్రామ్‌నూ మూటగా కట్టి ఉబుంటు ఇచ్చే ఫైళ్లు. చదవడానికి మాత్రమే వీలుండే స్క్వాష్‌ఎఫ్ఎస్ ఇమేజ్‌లు కాబట్టి ఎప్పుడు చూసినా 100 శాతమే ఉంటాయి. వాటిని లెక్కలోంచి తీసేయడానికి ‘డీఎఫ్ -హెచ్‌టీ -ఎక్స్ స్క్వాష్‌ఎఫ్ఎస్’ అని కొడితే చాలు. అప్పుడు మిగిలిన కొద్ది లైన్లలో అసలు లైన్ కనిపించింది: రూట్ (ఉబుంటు మొత్తం ఉండే పార్టిషన్, అంటే డిస్కులో దానికి కేటాయించిన భాగం), సైజు 25జీ, యూజ్డ్ 24జీ, అవైలబుల్ 0.

25లోంచి 24 తీసేస్తే 1 ఉండాలి కదా అని చాలామంది అడుగుతారు. ఉబుంటు వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) తయారయ్యేటప్పుడే 5 శాతం బ్లాకుల్ని రూట్ యూజర్ (సిస్టమ్ అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది. మామూలు యూజర్‌కు చోటు అయిపోయినా సిస్టమ్ సర్వీసులు లాగ్ రాసుకోవడానికి, అడ్మిన్ లోపలికి వచ్చి శుభ్రం చేయడానికి ఆ చోటు పనికొస్తుంది. ఇక్కడ సుమారు 1.25 జీబీ అలా పక్కన ఉంది. డెస్క్‌టాప్‌లో లాగిన్ స్క్రీన్ దగ్గర పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే. యూజర్ హోమ్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైల్ కూడా రాయలేకపోతోంది, సిస్టమ్ మాత్రం బతికే ఉంది. అలాంటప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్తే అక్కడ పని జరుగుతుంది. మాస్టారి లాప్‌టాప్ ఇంకా ఆ స్థితికి రాలేదు. ఇంకో వారం వాడి ఉంటే వచ్చేది.

చోటు అయిపోయిందని మెసేజ్ వచ్చినప్పుడు ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదు గడులు) కూడా చూడాలి, ‘డీఎఫ్ -ఐ’. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పోగైతే జీబీలు మిగిలి ఉన్నా ఇదే మెసేజ్ వస్తుంది. ఇక్కడ ఐనోడ్‌లు బోలెడు ఉన్నాయి.

తర్వాత ‘డీయూ’తో ఫోల్డర్ల వారీగా కొలత. ‘-ఎక్స్’ ఆప్షన్ పెట్టడం మరిచిపోతే మౌంట్ అయిన (ఉబుంటులో తెరిచి ఉన్న) విండోస్ డ్రైవ్‌ని కూడా లెక్కలో కలిపేస్తుంది. వచ్చిన లెక్క ఇది: /వార్ (లాగ్‌లు, స్నాప్‌లు ఉండేది) 9 జీబీకి పైన, /యూఎస్ఆర్ (ప్రోగ్రాములు) 8కి దగ్గర, /హోమ్ (యూజర్ సొంత ఫైళ్లు) 5. /హోమ్‌లో సగం డౌన్‌లోడ్స్ ఫోల్డరే, అందులో క్రోమ్ డెబ్ ఫైల్ నాలుగు కాపీలు. ఎక్కనప్పుడల్లా మళ్లీ దించుకున్నారు పాపం.

/వార్‌లో పెద్ద భాగం స్నాప్‌ది. 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తుంది. అదొక్కటే రాదు, కోర్ అనే ఆధార ప్యాకేజీ, గ్నోమ్ లైబ్రరీల ప్యాకేజీ, థీమ్‌ల ప్యాకేజీ వెంట తెచ్చుకుంటుంది. పైగా ప్రతి స్నాప్‌కూ కొత్త వెర్షన్ వచ్చాక పాతదాన్ని ఒకటి అట్టేపెడుతుంది, తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి. ‘స్నాప్ లిస్ట్ --ఆల్’ కొడితే ‘డిజేబుల్డ్’ అని పక్కన రాసి ఉన్నవన్నీ అవే. ఇక్కడ అవి రెండు జీబీలకు పైనే. మిగతాది జర్నల్ లాగ్‌లు, అంటే సిస్టమ్ తన పని గురించి రాసుకునే చిట్టా. ఫైల్ సిస్టమ్ సైజులో 10 శాతం దాకా పెరగడానికి జర్నల్‌కు డిఫాల్ట్‌గా అనుమతి ఉంటుంది, ఇక్కడ ఆ హద్దుకు దగ్గరలో ఉంది.

శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు. డిజేబుల్ అయిన స్నాప్ రివిజన్లను ఒక్కొక్కటిగా తీసేశాను. ‘జర్నల్‌సీటీఎల్’కు 200 ఎంబీ దాకా తగ్గించుకోమని చెప్పాను. ‘ఆప్ట్ క్లీన్’, ఆ తర్వాత పాత కెర్నల్‌ల (సిస్టమ్ మూల భాగం పాత వెర్షన్ల) కోసం ‘ఆప్ట్ ఆటోరిమూవ్’. అక్కర్లేని డెబ్ ఫైళ్లు మాస్టారినే తీసేయమన్నాను, ఎందుకంటే ఇంకొకరి హోమ్ ఫోల్డర్‌లో నేను చెయ్యి పెట్టను. మొత్తం మీద 6 జీబీకి పైగా చోటు దొరికింది.

క్రోమ్‌కు అంత అక్కర్లేదు. అక్కడితో ఆపి, క్రోమ్ వేసి, లాప్‌టాప్ ఇచ్చేయొచ్చు. సర్వీసు సెంటర్లలో జరిగేది అదే, అది తప్పని కూడా అనను. కానీ ఈ సిస్టమ్‌లో 22.04కి మామూలు అప్‌డేట్లు 2027 దాకానే. ఆలోగా 24.04కి మారాలి. వెర్షన్ అప్‌గ్రేడ్ మధ్యలో చోటు అయిపోవడమంటే బ్రౌజర్ ఎక్కకపోవడం లాంటి చిన్న చిక్కు కాదు, సగం పాత ప్యాకేజీలు సగం కొత్తవి అయిన సిస్టమ్ చేతిలో పడుతుంది. పక్కనే డీ డ్రైవ్‌లో 150 జీబీ ఖాళీగా ఉంది. పార్టిషన్ పెంచుదామని మాస్టారితో చెప్పాను.

డిస్కు మ్యాప్

పార్టిషన్ పని మొదలుపెట్టే ముందు నేను కాగితం మీద డిస్కు బొమ్మ గీస్తాను. జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్) చూపించేదే అయినా సరే, చేత్తో గీస్తే ఏది ఏ పక్కన ఉందో బుర్రకెక్కుతుంది. ఎడమ నుంచి కుడికి ఇలా ఉంది: ఎస్‌డీఏ1 ఈఎఫ్ఐ (బూట్ ఫైళ్లు ఉండేది), 100 ఎంబీ. ఎస్‌డీఏ2 మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్, 16 ఎంబీ. ఎస్‌డీఏ3 సీ డ్రైవ్, 200 జీబీ. ఎస్‌డీఏ4 విండోస్ రికవరీ, ఒక జీబీ లోపు. ఎస్‌డీఏ5 డీ డ్రైవ్, దాదాపు 247 జీబీ. ఎస్‌డీఏ6 ఉబుంటు రూట్, 25 జీబీ. చివర ఎస్‌డీఏ7 స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునేది), 4 జీబీ.

పార్టిషన్ పెంచాలంటే ఖాళీ ఎంత ఉందన్నదాని కన్నా అది ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. ఊళ్లో ఎంత బీడు ఉన్నా, మన పొలం గట్టును ఆనుకుని లేకపోతే దాన్ని మన చేలో కలుపుకోలేం. సీ డ్రైవ్‌లోనూ ఖాళీ ఉంది, కానీ అక్కడ కోస్తే వచ్చిన చోటుకూ రూట్‌కూ మధ్య రికవరీ, డీ డ్రైవ్ రెండూ అడ్డం. రికవరీ పార్టిషన్ జోలికి పోవడం నాకిష్టం లేదు. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్, రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ దొరక్క లెక్కలేనన్ని మెషీన్లలో ఫెయిల్ అయింది. దాని సైజు తేడా వస్తే తలనొప్పి ఎలా ఉంటుందో అప్పుడు అందరం చూశాం.

కాబట్టి డీ డ్రైవ్ కుడి అంచున కోయాలి. అప్పుడు ఖాళీ చోటు రూట్‌కు ఎడమ పక్కన పడుతుంది. చిక్కంతా ఆ ‘ఎడమ’లోనే ఉంది. ఈఎక్స్‌టీ4ని కుడివైపుకు పెంచడం చాలా తేలిక. సిస్టమ్ నడుస్తుండగానే, రూట్ మౌంట్ అయి ఉండగానే, సెకన్లలో అయిపోతుంది. ఎడమ అంచు జరపాలంటే మాత్రం ఫైల్ సిస్టమ్ మొదలయ్యే చోటే మారుతుంది. లోపలున్న డేటా అంతా ఎడమకు జరిపి రాయాలి, అదీ లైవ్ యూఎస్‌బీ (లాప్‌టాప్ డిస్కుతో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే సిస్టమ్) నుంచి, రూట్ అన్‌మౌంట్ అయి ఉండగా.

అలా జరపకుండా వేరే దారులూ ఆలోచించాను. చివర ఉన్న స్వాప్ పార్టిషన్ తీసేసి స్వాప్ ఫైల్ పెట్టుకుంటే కుడివైపు 4 జీబీ వస్తుంది. సులువే, కానీ ఏడాదిలో మళ్లీ ఇదే కథ. కొత్త చోటులో వేరే పార్టిషన్ చేసి /హోమ్‌ను అక్కడికి మార్చడం రెండోది. ఇంటర్నెట్‌లో ఎక్కువమంది చెప్పే సలహా ఇదే, డేటాకు ప్రమాదం తక్కువ కూడా. అయితే ఇక్కడ నిండుతున్నది /హోమ్ కాదు, /వార్, /యూఎస్ఆర్. /హోమ్ తీసేస్తే రూట్‌లో కొత్తగా ఖాళీ అయ్యేది 5 జీబీయే.

ఇక జీపార్టెడ్‌లో రీసైజ్/మూవ్ నొక్కి ఎడమ అంచు లాగడం. మామూలుగా అందరూ చేసేది అదే, చాలాసార్లు బాగానే అవుతుంది. కానీ ఈ లాప్‌టాప్ బ్యాటరీ పావుగంట కూడా ఆగడం లేదు. మూవ్ నడుస్తుండగా కరెంటు పోయి మెషీన్ ఆగిపోతే, కొత్త చోటులో డేటా సగమే చేరి ఉంటుంది. ఆపిన దగ్గర నుంచి కొనసాగించే వీలు జీపార్టెడ్‌కు లేదు. ఇన్వర్టర్ ఉందిగా అనొచ్చు. ఇన్వర్టర్ కరెంటు మారేటప్పుడు ఒక్క రెప్పపాటు తడబడినా చాలు.

అందుకే మూవ్ కాకుండా కాపీ చేద్దామనుకున్నాను. డీ నుంచి 60 జీబీ కోస్తున్నాం, రూట్ ఉన్నది 25. అంటే ఖాళీ చోటులో రూట్ మొత్తం కాపీ పడుతుంది. పాత రూట్ ఎక్కడున్నది అక్కడే, చెక్కుచెదరకుండా ఉంటుంది. కాపీ మధ్యలో కరెంటు పోతే ఆ కాపీని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. కాపీ నుంచి బూట్ అయి, అంతా బాగుందని చూసుకున్నాకే పాతదాన్ని తీసేసి, ఆ 25 జీబీని కుడివైపుకు కలిపేసుకోవచ్చు. కుడివైపుకు కాబట్టి రెండోసారి లైవ్ యూఎస్‌బీ అవసరం కూడా లేదు.

విండోస్ వైపు

"మాస్టారూ, బ్యాకప్ ఉందా?" అంటే "ముఖ్యమైనవన్నీ డీలో భద్రంగా పెట్టాను బాబూ" అన్నారు. మనం కోయబోయేది ఆ డీ డ్రైవ్‌నే. ఒకే డిస్కులో ఇంకో డ్రైవ్‌లో పెట్టుకోవడాన్ని బ్యాకప్ అనుకునేవాళ్లు మాస్టారొక్కరే కాదు. ఎక్స్‌టర్నల్ డిస్కు తెప్పించి పాఠాల నోట్సు, ప్రశ్నపత్రాలు, ఫొటోలు, ఉబుంటు హోమ్ ఫోల్డర్ దానిమీదకు ఎక్కించాం. పార్టిషన్ టేబుల్‌ని కూడా ‘ఎస్ఎఫ్‌డిస్క్ -డీ’తో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌గా తీసి అక్కడే ఉంచాను. ‘స్మార్ట్‌సీటీఎల్’ రిపోర్ట్ చూశాను. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు కనిపించి ఉంటే పని అక్కడితో ఆపి కొత్త డిస్కు కొనమనేవాణ్ని. రెండూ సున్నా.

ఎన్‌టీఎఫ్ఎస్‌ను విండోస్ చేతే తగ్గించాలన్నది నా పద్ధతి. జీపార్టెడ్ కూడా చేయగలదు, కానీ విండోస్ ఫైల్ సిస్టమ్ గురించి విండోస్‌కే బాగా తెలుసు. ముందు ‘మేనేజ్-బీడీఈ -స్టేటస్’తో బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) లేదని చూసుకున్నాను. ఉండి ఉంటే రికవరీ కీ చేతిలో లేకుండా ముందుకు వెళ్లకూడదు. తర్వాత ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’. దాంతో హైబర్నేషన్, ఫాస్ట్ స్టార్టప్ రెండూ పోతాయి. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ షట్‌డౌన్ అన్నా నిజంగా ఆగిపోదు, కెర్నల్‌ను డిస్కు మీద నిద్రపుచ్చి పోతుంది. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్ఎస్‌ను లైనక్స్ నుంచి తాకడం మంచిది కాదు. ఇన్నాళ్లూ ఉబుంటు నుంచి డీ డ్రైవ్ ‘రీడ్ ఓన్లీ’గా తెరుచుకోవడానికి కారణం కూడా అదేనని తేలింది. మాస్టారు దాన్ని వైరస్ అనుకుంటున్నారు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీ మీద ష్రింక్ వాల్యూమ్ అన్నాక, ఖాళీ 150 జీబీ ఉన్నా 30 కూడా ఇవ్వనంది. కదపలేని ఫైల్ ఏదో మధ్యలో కూర్చుంటే విండోస్ అక్కడిదాకే కోయనిస్తుంది. ఆ ఫైల్ ఏదో కనుక్కోవడానికి ఊహించక్కర్లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి ఈవెంట్ 259 చూస్తే, చివరి కదలని ఫైల్ పేరుతో సహా రాసి ఉంటుంది. ఇక్కడ అది సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్‌లోని పాత రిస్టోర్ పాయింట్. డీ డ్రైవ్‌కు సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపి, పాయింట్లు తీసేయించాక అడిగినంతా ఇచ్చింది. బాక్సులో సైజు ఎంబీల్లో అడుగుతుంది కాబట్టి 60 జీబీకి 61440 అని కొట్టాను.

కాపీ, కొత్త గుర్తింపు

జీపార్టెడ్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేశాను. డీ డ్రైవ్‌కూ రూట్‌కూ మధ్య బూడిద రంగులో 60 జీబీ అన్‌అలొకేటెడ్ కనిపించింది. ఎస్‌డీఏ7 పక్కన తాళం చెవి బొమ్మ ఉంటే స్వాప్ వాడుకలో ఉందని అర్థం, రైట్ క్లిక్ చేసి స్వాపాఫ్ అనాలి. ఎస్‌డీఏ6 మీద ముందు చెక్, తర్వాత కాపీ, ఖాళీ చోటు మీద పేస్ట్. పేస్ట్ చేసేటప్పుడే సైజు 60 జీబీ పూర్తిగా లాగాను, కాపీ అవగానే ఫైల్ సిస్టమ్‌ను అంత మేరకు అదే పెంచేస్తుంది. కొత్తదానికి ఎస్‌డీఏ8 అని నంబర్ పడింది. డిస్కు మీద అది 5కీ 6కీ మధ్య ఉంటుంది, నంబరేమో 8. ‘ఎఫ్‌డిస్క్’ దీన్ని చూసి వరస తప్పిందని ఒక లైన్ రాస్తుంది. దాన్ని సరిచేయాలని కొందరు తాపత్రయపడతారు, అవసరం లేదు.

ఈ పద్ధతిలో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. కాపీకి ఫైల్ సిస్టమ్ యూయూఐడీ (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య) కూడా అచ్చంగా అదే వస్తుంది. గ్రబ్ (ఉబుంటును లేపే బూట్ ప్రోగ్రామ్), ఎఫ్ఎస్‌టాబ్ (ఏ పార్టిషన్‌ను ఎక్కడ తెరవాలో రాసిన ఫైల్) రెండూ రూట్‌ను వెతికేది యూయూఐడీతోనే. ఒకే యూయూఐడీతో రెండు ఉండగా రీస్టార్ట్ చేస్తే, దేన్నుంచి బూట్ అయ్యామో తెలియకుండా పని చేసుకుంటూ పోయి, చివరికి రాసినదాన్నే చెరిపేసుకునే ప్రమాదం ఉంది. అందుకని లైవ్ యూఎస్‌బీలో ఉండగానే పాత రూట్ యూయూఐడీ మార్చేయాలి. ‘ట్యూన్2ఎఫ్ఎస్ -యూ ర్యాండమ్’ పక్కన ఎస్‌డీఏ6. ముందు ‘ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్’ నడపమని అడగొచ్చు, అడిగితే నడపాలి. మార్చేది పాతదాని యూయూఐడీ, కొత్తదానిది కాదు. అసలు యూయూఐడీ కొత్త రూట్‌కే ఉండిపోతే గ్రబ్‌లో గానీ ఎఫ్ఎస్‌టాబ్‌లో గానీ ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు.

అలాగే ఉబుంటు మామూలుగా లేచింది. ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉన్న చిన్న గ్రబ్ ఫైల్‌లో ‘ఆరో పార్టిషన్’ అని ఒక సూచన ఉంటుంది, కానీ అది సూచన మాత్రమే, వెతుకులాట యూయూఐడీతోనే. లేవగానే ‘ఫైండ్‌మౌంట్ /’ కొట్టి చూశాను: ఎస్‌డీఏ8. ఒకసారి ‘అప్‌డేట్-గ్రబ్’ నడిపాను. విండోస్‌లోకి కూడా వెళ్లి చూశాను, డీ డ్రైవ్ 187 జీబీగా, ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టుగా కనిపించింది.

పాతదాన్ని ఆ పూటే తీసేయలేదు. ఒక రోజు మామూలుగా వాడి చూడమని మాస్టారికి ఇచ్చాను. ఏ తేడా లేదన్నాక, నడుస్తున్న ఉబుంటులోనే జీపార్టెడ్ ఎక్కించి ఎస్‌డీఏ6ను డిలీట్ చేసి, ఎస్‌డీఏ8 కుడి అంచును స్వాప్ దాకా లాగాను. రూట్ వాడుకలో ఉన్నా పెంచడానికి అభ్యంతరం చెప్పలేదు. 85 జీబీ. తెర మీద మాస్టారి వర్డ్ ఫైల్ తెరిచే ఉంది, అది కూడా మూయలేదు. ఇక్కడ ఒక మాట: ఇదంతా ఈఎక్స్‌టీ4 కథ. ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ అయితే పెంచడమే గానీ తగ్గించడం కుదరదు. ఎల్‌వీఎం (విడివిడి చోట్లను ఒకటిగా కలిపి చూపే ఏర్పాటు) మీద వేసిన సిస్టమ్ అయితే చోటు పక్కనే ఉండాలన్న బాధే లేదు, ఇంత ప్రయాస పడనక్కర్లేదు.

ఫైల్ సిస్టమ్ పెరిగితే ఆ 5 శాతం రిజర్వ్ కూడా దానితో పాటు పెరుగుతుంది, ఇప్పుడది 4 జీబీ దాటింది. ‘ట్యూన్2ఎఫ్ఎస్ -ఎం 2’తో 2 శాతానికి తగ్గించాను. రూట్ పార్టిషన్‌కు సున్నా చేయమనే సలహా కూడా వింటుంటాం. నేను చేయను.

ఇక బ్రౌజర్

క్రోమ్ ముందు. ఫెయిల్ అయిన ఇన్‌స్టాలేషన్ల శేషం ఏమన్నా ఉందేమోనని ‘డీపీకేజీ --ఆడిట్’, ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ నడిపించాను. తర్వాత డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ పక్కన చుక్క, స్లాష్, ఫైల్ పేరు. ఆ చుక్క-స్లాష్ లేకపోతే ఆప్ట్ దాన్ని రిపాజిటరీలోని (ప్యాకేజీలు దొరికే ఆన్‌లైన్ గిడ్డంగిలోని) ప్యాకేజీ పేరనుకుని అలాంటిది లేదంటుంది. పాత పద్ధతిలో ‘డీపీకేజీ -ఐ’ వాడితే డిపెండెన్సీలు (తనకు కావలసిన ఇతర ప్యాకేజీలు) దానంతట అది తెచ్చుకోదు, తర్వాత ‘--ఫిక్స్-బ్రోకెన్’ అంటూ ఇంకో చుట్టు తిరగాలి. క్రోమ్ ఎక్కుతూనే తన రిపాజిటరీని సోర్సెస్ లిస్ట్‌లో చేర్చుకుంటుంది. కాబట్టి అప్‌డేట్ల కోసం ప్రతిసారీ డెబ్ దించుకోనక్కర్లేదని మాస్టారికి రెండుసార్లు చెప్పాను.

క్రోమ్ మొదటిసారి తెరవగానే కీరింగ్ (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) పాస్‌వర్డ్ అడిగింది. లాగిన్ కీరింగ్ అన్‌లాక్ కాలేదని బాక్స్. ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్న సిస్టమ్‌లలో మామూలుగా ఇది వస్తుంది. లాగిన్‌లో పాస్‌వర్డ్ కొట్టి ఉంటే దానితోనే కీరింగ్ కూడా తెరుచుకునేది, కొట్టలేదు కాబట్టి క్రోమ్ విడిగా అడుగుతోంది. కీరింగ్‌కు ఖాళీ పాస్‌వర్డ్ పెట్టేస్తే బాక్స్ రాదు, కానీ దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ కాకుండా డిస్కు మీద ఉండిపోతాయి. బ్యాంకు పనులు చేసే లాప్‌టాప్‌లో అలా వద్దని ఆటో లాగిన్‌నే తీసేశాను. "రోజూ కొట్టాలా?" అని కాస్త నొచ్చుకున్నారు.

ఫైర్‌ఫాక్స్ విషయంలో ఆయనకున్న ఫిర్యాదు వేరే: పొద్దున్న మొదటిసారి తెరిస్తే ఆలస్యం అవుతుందని. స్నాప్ బదులు మొజిల్లా సొంత ఆప్ట్ రిపాజిటరీ నుంచి డెబ్ వేశాను. 2024 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 122తో మొజిల్లా మామూలు వెర్షన్‌ను ఇలా ఇవ్వడం మొదలుపెట్టింది. రిపాజిటరీ చేర్చి ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్’ అంటే మాత్రం మళ్లీ స్నాపే వస్తుంది, చాలామంది ఇక్కడే విసిగిపోతారు. ఉబుంటు రిపాజిటరీలో ఫైర్‌ఫాక్స్ పేరుతో ఒక ఉత్త డెబ్ ఉంది, దాని పని స్నాప్‌ను పిలవడమే. దాని వెర్షన్ నంబర్ ముందు ‘1:’ అని ఎపోక్ పెట్టారు. ఎపోక్ ఉన్నది ఎపోక్ లేనిదాని కన్నా ఎప్పుడూ కొత్తదే అని ఆప్ట్ లెక్క, మొజిల్లా నంబర్ 122 అయినా 222 అయినా సరే. అందుకే /ఈటీసీ/ఆప్ట్/ప్రిఫరెన్సెస్.డీ ఫోల్డర్‌లో మొజిల్లా రిపాజిటరీకి పిన్ ప్రయారిటీ 1000 అని రాయాలి. 1000 అంటే నంబర్ చిన్నదైనా దీన్నే ఎక్కించమని.

స్నాప్ తీసే ముందు బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల సంగతి చూడాలి. స్నాప్ ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ హోమ్ కింద స్నాప్/ఫైర్‌ఫాక్స్/కామన్ లోపల దాక్కుని ఉంటుంది, డెబ్ ఫైర్‌ఫాక్స్ నేరుగా హోమ్‌లోని .మొజిల్లా ఫోల్డర్ చూస్తుంది. బ్రౌజర్ మూసేసి ప్రొఫైల్‌ను కాపీ చేసి, కొత్తది తెరిచి అన్నీ వచ్చాయని మాస్టారే చూసుకున్నాక ‘స్నాప్ రిమూవ్’. ఇందులోనూ ఒక మెలిక ఉంది. తీసేసేటప్పుడు స్నాప్ ఆ డేటా అంతా స్నాప్‌షాట్‌గా భద్రపరిచి 31 రోజులు ఉంచుతుంది. చోటు కోసం తీసేశాం కదా, ఎందుకు తగ్గలేదని తల పట్టుకునేది ఇందుకే. ఇక్కడ ఇప్పుడు చోటుకు కొదవ లేదు కనుక దాన్ని అలాగే వదిలేశాను. చోటు లేనివాళ్లు, ప్రొఫైల్ భద్రంగా ఉందని ఖాయం చేసుకున్నాక, ‘--పర్జ్’ వాడొచ్చు.

తెలుగు కోసం ‘ఫాంట్స్-తెలు’ ప్యాకేజీ వేశాను. లోహిత్‌తో పాటు పోతన, వేమన ఫాంట్లు కూడా దాంట్లోనే వస్తాయి. ప్రశ్నపత్రాలు పోతనలోనే ఉండాలని మాస్టారి పట్టు. టైపింగ్ కోసం ఐబస్‌లో ఎం17ఎన్ చేర్చితే ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పద్ధతులు రెండూ దొరికాయి. ఆయన ఇన్‌స్క్రిప్ట్ మనిషి. క్రోమ్ అడ్రస్ బార్‌లో టకటకా తెలుగు కొట్టి, ఆ సైటు తెరిచి, లాగిన్ అయ్యాకే కుర్చీలోంచి లేచారు.

ఇప్పుడు రూట్ 85 జీబీలో 20 లోపే వాడుకలో ఉంది. జర్నల్‌కు 300 ఎంబీ హద్దు పెట్టాను. ఫాస్ట్ స్టార్టప్‌ను మళ్లీ ఆన్ చేయలేదు, చేయొద్దని కూడా చెప్పాను. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత దానంతట అది తిరిగి ఆన్ అయిన సందర్భాలున్నాయి కాబట్టి, డీ డ్రైవ్ మళ్లీ ‘రీడ్ ఓన్లీ’ అంటే ముందు అక్కడ చూడమన్నాను. 24.04 అప్‌గ్రేడ్ ఇంకా చేయలేదు. పేపర్లు దిద్దే పని అయ్యేదాకా ఆగమన్నారు, ఆలోగా బ్యాటరీ కూడా మార్పిస్తానన్నారు.